పూటకో డ్యూటీ, పూటకో నిద్ర: నా మనసుకేమైంది?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. ఆస్పత్రి ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. ఉదయం 6 నుంచి 2, మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 10, రాత్రి 10 నుంచి ఉదయం 6. ఈ మూడు డ్యూటీలూ ఒక వరసంటూ లేకుండా పడుతుంటాయి. చార్టు శనివారం సాయంత్రం పెడతారు, సోమవారం నుంచి అమలు. ఒక్కోసారి రాత్రి 10కి దిగి మర్నాడు పొద్దున 6కే మళ్లీ ఎక్కాలి. నైట్ చేసి వచ్చి 8కి పడుకుంటే 11కల్లా మెలకువ వచ్చేస్తుంది. ఆ తర్వాత ఎంత దొర్లినా పట్టదు. ఆఫ్ రోజున పది పన్నెండు గంటలు పడుకున్నా లేచాక ఒళ్లు బరువుగానే ఉంటుంది. మొన్న మా బాబు నీళ్ల గ్లాసు ఒలకబోశాడని ఎంతలా అరిచానంటే, వాడు భయపడి గోడకి అతుక్కుపోయాడు. తర్వాత బాత్రూంలోకి వెళ్లి ఏడ్చాను. దేని మీదా ఆసక్తి లేదు. 'నువ్వు మునుపటి మనిషివి కావు' అంటున్నారు మా ఆయన. నాతో చేసేవాళ్లంతా బాగానే ఉన్నారు. 'అలవాటైపోతుందిలే' అంటారు. రెండేళ్లయినా నాకు కాలేదు. నా మనసుకి జబ్బు చేసిందా? నిద్రమాత్రలు వేసుకోవచ్చా? ఉద్యోగం మానేయాలా?

— ఒక పాఠకురాలు

సమాధానం: మీరు అడిగినవి మూడు ప్రశ్నలే గానీ, ఉత్తరమంతా చదివితే మిమ్మల్ని లోపల్లోపల తినేస్తున్నది నాలుగోదనిపించింది. అందరికీ అలవాటైనది నాకెందుకు కావడం లేదు అన్నది. ముందు దాని సంగతి చూద్దాం. మీరు రాసిన చార్టుకి ఎవరి ఒళ్లూ అలవాటు పడదు. మీ ఓర్పు తక్కువై కాదు, ఒంటికి ఆ వీలే లేదు.

మెదడు అడుగున, రెండు కళ్ల నరాలూ కలిసే చోటికి కాస్త పైన, సుమారు 20 వేల నాడీకణాల గుంపు ఒకటి ఉంటుంది. ఒంట్లో వేడి ఎప్పుడు పెరగాలి, ఎప్పుడు తగ్గాలి, రాత్రయిందని ఒంటికి చెప్పే మెలటోనిన్ అనే హార్మోన్ ఎప్పుడు ఊరాలి, ఎప్పుడు ఆగాలి అన్న లెక్కంతా దానిదే. మన శరీర గడియారం అదే. కంట్లో పడే వెలుగుని బట్టి అది రోజూ తనని తాను సరిచేసుకుంటుంది. అయితే ఆ సర్దుబాటు రోజుకి ఓ గంట, మహా అయితే గంటన్నర. మీ చార్టేమో ఒక్కరోజులో ఎనిమిది గంటలు జరగమంటోంది. అది జరగడం మొదలుపెట్టేలోపే కొత్త చార్టు వస్తుంది, మళ్లీ వెనక్కి రమ్మంటుంది. ఏళ్ల తరబడి నైట్ డ్యూటీ తప్ప వేరేది చేయనివాళ్లను పరిశీలించిన అధ్యయనాలన్నీ ముందేసుకుని 2008లో లెక్క చూస్తే, శరీర గడియారం పూర్తిగా రాత్రి పనికి మారిపోయినవాళ్లు వందకి ముగ్గురు కూడా తేలలేదు. రోజూ ఒకే వేళకి చేసేవాళ్ల పరిస్థితే అది. ఇక మీ గురించి చెప్పేదేముంది?

మీ తోటివాళ్లు 'బాగానే ఉన్నాం' అంటున్నారు కదా, ఆ మాటని నేను అంతగా నమ్మను. వాళ్లు అబద్ధమాడుతున్నారని కాదు. నిద్ర తక్కువైన మనిషికి తన మీద తనకున్న అంచనాయే ముందు దెబ్బతింటుంది. 2003లో అచ్చయిన ఓ ప్రయోగంలో కొందరిని రెండు వారాలపాటు రాత్రికి ఆరు గంటలే పడుకోనిచ్చారు. రోజురోజుకీ వాళ్ల చురుకుదనం పడిపోతూ, చివరికి రాత్రంతా మేలుకున్నవాళ్ల స్థాయికి దిగింది. నిద్రొస్తోందా అని అడిగితే మాత్రం పెద్దగా ఏమీ లేదనే చెప్పారు. మనుషుల్లో తేడాలూ ఉంటాయి. పొద్దుపోయేదాకా మేలుకోగలిగే తత్వం ఉన్నవాళ్లు, ఇరవైల్లో ఉన్నవాళ్లు, ఇంట్లో చిన్నపిల్లలు లేనివాళ్లు కొంత నెట్టుకొస్తారు. మీకు నెట్టుకురావడం కష్టమైతే అది లోపం కాదు.

ఇక ఆ 11 గంటల మెలకువ. నిద్రని రెండు శక్తులు నడుపుతాయి. మేలుకున్నకొద్దీ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకుంటుంది, అది నిద్ర వైపు తోస్తుంది. రెండోది శరీర గడియారం. అది పగటిపూట లే లెమ్మని తడుతూనే ఉంటుంది. రాత్రంతా మేలుకున్నారు గనక 8కి పడుకోగానే మొదటిది గెలుస్తుంది, ఒళ్లు తెలియకుండా పట్టేస్తుంది. మూడు గంటలు పడుకునేసరికి ఆ ఒత్తిడి చాలావరకు తీరిపోతుంది. అప్పటికి ఒంట్లో వేడి పెరిగే వేళ, గడియారం గట్టిగా లేపే వేళ. కళ్లు తెరుచుకుంటాయి. నైట్ చేసి పగలు పడుకునేవాళ్లకి నిద్ర మామూలు కన్నా ఒకటి నుంచి నాలుగు గంటలు తగ్గడం మామూలే. మీకు నిద్ర పట్టని జబ్బేదో వచ్చిందని ఆ మెలకువను చూసి అనుకోకండి. '11కే లేచిపోయాను, ఇవాళంతా నాశనం' అని మంచం మీద దొర్లే ఆ గంటన్నర మెలకువకన్నా ఎక్కువ చెరుపు చేస్తుంది.

గ్లాసు ఒలికినప్పటి అరుపు గురించి. 2007లో ఒక బృందం, ఒక్క రాత్రి నిద్ర లేనివాళ్లకి మనసు కలతపెట్టే బొమ్మలు చూపిస్తూ మెదడు స్కాన్ తీసింది. భయం, కోపం లాంటివి పుట్టే అమిగ్డాలా అనే భాగం, బాగా పడుకున్నవాళ్లతో పోలిస్తే 60 శాతం ఎక్కువగా స్పందించింది. దాన్ని అదుపు చేసే నుదుటి వెనక భాగంతో దానికుండే లంకె కూడా సడలింది. అంటే కోపం పుట్టడమూ ఎక్కువే, పట్టి ఆపే చెయ్యీ బలహీనమే. ఇది మీరు అరిచినదానికి సాకు కాదు. బాబు భయపడ్డాడు, ఆ సంగతి అలాగే ఉంది. కానీ 'నేను చెడ్డ తల్లిని' అని తేల్చేసుకోవడానికి ఇది సాక్ష్యం కాదు. వాడిని దగ్గర కూచోబెట్టుకుని చెప్పండి, 'అమ్మకి నిద్ర చాలక అరిచింది, తప్పు నీది కాదు' అని. పిల్లలు వివరణలు అడగరు. అడగరు గనకే కారణాన్ని తమ మీద వేసుకుంటారు.

మరి ఇది డిప్రెషనా, వట్టి అలసటా? ఉత్తరం చూసి తేల్చలేను, తేల్చకూడదు కూడా. షిఫ్టుల్లో చేసేవాళ్లకి దిగులు లక్షణాలు వచ్చే అవకాశం మిగతావాళ్లకన్నా సుమారు మూడో వంతు ఎక్కువని 28 వేల మందికి పైగా ఉన్న అధ్యయనాలను కలిపి చూసిన ఒక విశ్లేషణ 2019లో చెప్పింది. అందులోనూ ఆడవాళ్లకి ఎక్కువ. కాబట్టి కొట్టిపారేయదగ్గ మాట కాదు. మీ అంతట మీరు చూసుకోగల గుర్తు ఒకటుంది. వరసగా నాలుగైదు రోజులు సెలవు దొరికి, ఆ రాత్రులు రాత్రిపూటే పడుకుంటే ఏమవుతోంది? మూడో రోజుకో నాలుగో రోజుకో నవ్వొస్తోంది, ఎవరితోనో మాట్లాడాలనిపిస్తోంది అంటే పెద్ద భాగం నిద్రదే. సెలవుల్లోనూ అలాగే మోడుబారి ఉంటే, రెండు వారాలుగా దాదాపు రోజంతా దిగులో నిరాసక్తతో వదలకపోతే, ఆకలి పోయినా, నేనెందుకూ పనికిరాను అన్న మాట తిరిగితిరిగి వస్తున్నా మానసిక వైద్యుల దగ్గరకి వెళ్లండి. సెలవు దొరికేదాకా ఆగాలని కూడా లేదు. చనిపోవాలన్న ఆలోచన ఒక్కసారి తొంగిచూసినా అదే రోజు మీవాళ్లకి చెప్పి, వాళ్లని వెంటబెట్టుకుని వెళ్లండి. మీకు గానీ మీ రక్తసంబంధీకుల్లో ఎవరికైనా గానీ బైపోలార్, అంటే మితిమీరిన హుషారూ దిగులూ విడతలుగా వచ్చే జబ్బు, ఉంటే డాక్టరుకి మొదటే చెప్పాలి. ఆ జబ్బులో నిద్ర చెడటమే కొత్త విడతకి దారితీయగలదు, అలాంటివాళ్లకి నైట్లు తప్పించమని డాక్టరే రాసివ్వాల్సి రావచ్చు.

పన్నెండు గంటలు పడుకున్నా బరువు దిగడం లేదన్నారు. అది పాత నిద్ర బాకీ కావచ్చు. గట్టిగా గురక పెడుతుంటే స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడే జబ్బు, కావచ్చు, రక్తహీనత కావచ్చు, థైరాయిడ్ కావచ్చు. రోజంతా ఊరందరి రక్తం పరీక్షిస్తూ తమది మాత్రం పరీక్షించుకోనివాళ్లు ల్యాబుల్లో తక్కువేం కాదు. ఈ వారమే చేయించుకోండి.

ఇప్పుడు చార్టు ఎలా ఉందో అలాగే ఉందనుకుని, దానిలోనే ఏం చేయొచ్చో చూద్దాం. మీ డ్యూటీలు ఓ వరసలో లేవు గనక అన్ని వారాలకీ ఒకే మందు పనిచేయదు.

ఒకటో రెండో నైట్లు మాత్రమే పడితే గడియారాన్ని తిప్పే ప్రయత్నమే వద్దు. పగటి మనిషిగానే ఉండండి. నైట్‌కి వెళ్లే రోజు మధ్యాహ్నం మూడింటికి ఓ గంటన్నర పడుకోండి. నిద్ర పట్టకపోయినా చీకటి గదిలో ఊరికే ఒరగండి. డ్యూటీలో వీలుండి, పై అధికారి ఒప్పుకుంటే, రాత్రి రెండింటికీ మూడింటికీ మధ్య ఇరవై నిమిషాలు కునుకు తీయండి. అలారం తప్పనిసరి, ఎందుకంటే ఆ వేళ గాఢనిద్రలోకి జారితే లేచాక పావుగంటో అరగంటో బుర్ర పనిచేయదు. ఆ మగతలో శాంపిళ్ల మీద లేబుళ్లు అతికించకండి. పొద్దున ఇంటికొచ్చి మూడు నాలుగు గంటలు పడుకుని లేవండి. 11కి మెలకువ వచ్చిందా, మంచిదే, మంచం దిగి ఎండలోకి వెళ్లండి. ఆ రాత్రి తొమ్మిదిన్నరకే పడుకుంటే మిగతాది తీరుతుంది. ఈ లెక్కలో మీ 11 గంటల మెలకువ మీకు శత్రువు కానే కాదు. నైట్ దిగిన రోజు సాయంత్రం దాకా పడుకుంటేనే ఆ రాత్రి నిద్ర కూడా పోతుంది.

నాలుగైదు నైట్లు వరసగా పడితే వేరే దారి. డ్యూటీ మొదటి సగంలో లైట్లన్నీ వెలగనివ్వండి, నాలుగు దాటాక వీలైనంత మసక వెలుతురులో ఉండండి. దిగాక ఎవరైనా తీసుకొస్తుంటేనో బస్సులోనో అయితే నల్లద్దాలు పెట్టుకుని రండి. పొద్దుటి ఎండ కంట్లో పడితే గడియారం 'తెల్లారింది' అని మళ్లీ పగటి లెక్కకి వచ్చేస్తుంది. ఇంటికి రాగానే ఫోను తీయకుండా పడుకోండి. వెలుగు చొరబడకుండా కిటికీకి మందపాటి నల్ల గుడ్డ కట్టండి, లేకపోతే కళ్లకి గంతల్లాంటి మాస్కు. పొద్దున నాలుగైదు గంటలు, డ్యూటీకి ముందు సాయంత్రం ఇంకో గంటన్నర, ఇలా రెండు ముక్కలుగా పడుకున్నా నిద్ర నిద్రే. ఒకే ముక్కగా ఉండాలన్న పట్టింపు వదిలేయండి. ఆ నైట్ల వారానికి ముందు మధ్యాహ్నం డ్యూటీలు పడితే ఇంకొంచెం తెలివిగా వాడుకోవచ్చు. ఆ వారం రాత్రి ఒంటిగంటకో రెండింటికో పడుకుని తొమ్మిది దాటాక లేస్తే, నైట్ల నిద్రకీ దీనికీ కొంత భాగం కలుస్తుంది. ఉన్నపళంగా ఎనిమిది గంటలు దూకాల్సిన పని ఉండదు. బాబుని బడికి తయారుచేసే పని ఆ వారం మీ ఆయనది.

కాఫీ గురించి ఒక మాట. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి సుమారు అయిదు గంటలు పడుతుంది. తెల్లవారుజామున నాలుగింటికి తాగిన కప్పు మీరు పొద్దున 8కి పడుకునే నిద్రలో కూడా కూచుని ఉంటుంది. డ్యూటీ మొదట్లో కొంచెం, పన్నెండు ఒంటిగంట మధ్య కొంచెం, అంతే.

రాత్రి తిండి మీద 2022లో ఆసక్తికరమైన ప్రయోగం వచ్చింది. 19 మందిని ల్యాబులో ఉంచి నైట్ డ్యూటీ లాంటి పరిస్థితి కల్పించారు. సుమారు సగం మందికి పగలూ రాత్రీ తిండి పెట్టారు, మిగతావాళ్లకి పగలు మాత్రమే. రాత్రి కూడా తిన్నవాళ్లలో దిగులు మూడ్ పాతిక శాతం పైన, ఆందోళన 16 శాతం పెరిగాయి. పగలే తిన్నవాళ్లలో అవి పెరగలేదు. చిన్న ప్రయోగం, దీన్నే వేదంగా పట్టుకోవక్కర్లేదు. అయినా నష్టం లేని సలహా గనక చెబుతున్నాను. డ్యూటీకి ముందే కడుపునిండా తినేసి వెళ్లండి. అర్ధరాత్రి నుంచి తెల్లారేదాకా ఆకలి ఆపుకోలేనంత అయితే ఏదైనా తేలికైనది కొంచెం.

బండి మీరే నడుపుకుంటూ వస్తారో లేదో రాయలేదు. నడిపేటట్టయితే ఈ పేరా రెండుసార్లు చదవండి. 2016లో అచ్చయిన ఓ ప్రయోగంలో నైట్ షిఫ్టు కార్మికులు 16 మందిని, డ్యూటీ దిగాక మూసి ఉంచిన ట్రాకు మీద రెండు గంటలు కారు నడపమన్నారు. 11 సార్లు ప్రమాదం వెంట్రుకవాసిలో తప్పింది. ఏడుగురిని భద్రత కోసం మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది. అదే మనుషులు రాత్రి పడుకుని వచ్చి నడిపినప్పుడు అలాంటిది ఒక్కటీ జరగలేదు. ఆవలింతలు వస్తుంటే పాటలు పెట్టుకోవడం, కిటికీ తెరవడం నిద్రని ఆపవు. ఆస్పత్రిలోనే అరగంట పడుకుని, మగత వదిలాక బయల్దేరండి. లేదా బండి అక్కడే పెట్టి ఇంకోలా రండి.

నిద్రమాత్రల గురించి అడిగారు. మందుల షాపులో మీ అంతట మీరు కొని వద్దు. అవి పగటి నిద్రని కొంత పొడిగించగలవు గానీ రాత్రి డ్యూటీలో చురుకుదనాన్ని ఇవ్వవు. పైగా కొన్నింటి మత్తు లేచాక కూడా ఉంటుంది, కొన్నింటికి అలవాటు పడిపోతారు. వారానికి మూడు వేళల్లో పడుకునే మనిషికి మాత్ర ఎప్పుడు వేసుకోవాలన్నదే పెద్ద చిక్కు. మెలటోనిన్ కూడా మత్తుమందు కాదు, గడియారానికి సైగ. వేళ తప్పి వేసుకుంటే తప్పు సైగ. డాక్టరు మీ చార్టు చూసి ఇస్తే కొద్దిరోజులకి వేరే సంగతి. ఆఫ్ రోజుల్లో రాత్రిపూట కూడా నిద్ర పట్టకపోతే మాత్రలకన్నా ముందు వైద్యులు సూచించేది నిద్రలేమికి చేసే సీబీటీ అనే మాటల చికిత్స. నిద్ర కోసం మద్యం తాగమనే సలహా కూడా ఎవరో ఒకరు ఇచ్చే ఉంటారు. త్వరగా పడుకోబెడుతుంది, రెండు మూడు గంటలకే లేపుతుంది.

ఇంట్లో సంగతి ఇంకోటి ఉంది, దీని మీద నాకు కొంచెం కోపం కూడా ఉంది. నైట్ చేసిన మగవాడు పడుకుంటే ఇల్లంతా కాలి మునివేళ్ల మీద నడుస్తుంది. నైట్ చేసిన ఆడమనిషి పడుకుంటే 'ఎలాగూ ఇంట్లోనే ఉంది కదా' అని బట్టలు, వంట, వచ్చేపోయేవాళ్లు అన్నీ ఆమె మీదే. మీ 11 గంటల మెలకువలో గడియారం వాటా ఎంతో, కాలింగ్ బెల్లు వాటా ఎంతో ఓ వారం చూసుకోండి. చార్టు రాగానే ఇంట్లో గోడకి అంటించి, డ్యూటీ గంటలు కాకుండా నిద్ర గంటలకి రంగు వేయండి. ఆ గంటల్లో మీరు ఇంట్లో లేనట్టే లెక్క. డబ్బు మాటలు, చుట్టాల మాటలు, 'నువ్వు మారిపోయావు' అనే మాటలు నైట్ దిగిన రోజున వద్దని మీ ఆయనతో ఓ ఒప్పందానికి రండి. ఆయన అన్న మాటలో నాకు నింద కన్నా బెంగే వినిపించింది. ఈ జవాబు ఆయనకి కూడా చదివించండి.

ఇంత చేసినా రాత్రి 10కి దిగి పొద్దున 6కి ఎక్కే డ్యూటీకి నా దగ్గర కిటుకు లేదు. ఎనిమిది గంటల్లో రాకపోకలు, స్నానం, తిండి పోను అయిదు గంటలు కూడా మంచం మీద ఉండరు. అక్కడ మారాల్సింది చార్టే. అడిగేటప్పుడు 'నాకు నైట్లు వద్దు' అని వెళ్తే, అందరూ అదే అంటారని తిప్పి పంపుతారు. నలుగురైదుగురు కలిసి, కాగితం మీద మూడు కోరికలు రాసుకుని వెళ్లండి. దిగడానికీ ఎక్కడానికీ మధ్య కనీసం 11 గంటలు, ఇది యూరోపియన్ యూనియన్ చట్టంలో ఉన్న లెక్కే. డ్యూటీలు ముందుకు తిరగాలి, అంటే ఉదయం తర్వాత మధ్యాహ్నం, దాని తర్వాత నైట్. వెనక్కి లాగడంకన్నా ముందుకి జరపడం ఒంటికి తేలిక. 1982లో అచ్చయిన ఓ అధ్యయనంలో, అమెరికాలోని యూటాలో ఒక ఖనిజాల ఫ్యాక్టరీ ఇలా తిప్పి, వారం వారం కాకుండా మూడు వారాలకోసారి మార్చి చూస్తే కార్మికుల సంతృప్తితోపాటు ఉత్పత్తి కూడా పెరిగింది. మీ మేనేజరుకి ఆ రెండో మాట ముందు చెప్పండి. మూడోది, చార్టు కనీసం రెండు వారాల ముందు చేతికి రావడం. దీనికి యాజమాన్యానికి పైసా ఖర్చు లేదు. ఒక్కటే ఒప్పుకుంటామంటే మొదటిది పట్టండి.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1990 నాటి నైట్ వర్క్ ఒప్పందం ప్రకారం, రాత్రి పని చేసేవాళ్లు అడిగితే ఉచితంగా ఆరోగ్య పరీక్ష చేయించాలి. ఆరోగ్య కారణాల వల్ల రాత్రి పనికి తగరని తేలితే, వీలున్నంతవరకు అలాంటి వేరే పనికి మార్చాలి. మీ దేశం దాన్ని ఆమోదించిందో లేదో, మీ సంస్థ నియమాల్లో ఏముందో యూనియన్‌లోనో హెచ్‌ఆర్‌లోనో కనుక్కోండి. ఆమోదించకపోయినా, డాక్టరు రాసిచ్చిన కాగితంతో డే డ్యూటీకి మార్పు అడగొచ్చు.

ఉద్యోగం మానాలా అన్నదానికి నా జవాబు: ఇప్పుడే కాదు. ముందు రక్త పరీక్షలు, రెండు వారాలపాటు ఎప్పుడు పడుకున్నారో ఎప్పుడు లేచారో మనసెలా ఉందో ఒక్కో ముక్క రాసుకున్న కాగితం, దాంతో డాక్టరు. ఆ తర్వాత చార్టు మాట. మూడు నెలలు చూసి, చార్టూ మారక, సెలవుల్లోనూ మనసు తేరుకోకపోతే పగటి పని వెతుక్కోండి. పగటి డ్యూటీలే ఉండే ల్యాబులూ ఉంటాయి, జీతం తగ్గితే ఎంతవరకు తగ్గినా ఫర్వాలేదో మీ ఆయనతో కూచుని ముందే అంకె వేసుకోండి. ఆ లెక్క మాత్రం రెండు రాత్రులు వరసగా పడుకున్నాక వేయండి.